చెట్లు నాటించెను, సరే. మరి కళింగ?

“అశోకుడు బాటలకు ఇరువైపులా చెట్లు నాటించెను, బావులు త్రవ్వించెను.” తెలుగు బడిలో చదివినవారిని అర్ధరాత్రి నిద్ర లేపి అడిగినా ఈ వాక్యం తడుముకోకుండా చెబుతారు. ఏ రాజు గురించి ప్రశ్న వచ్చినా ఇదే రాసి రెండు మార్కులు సంపాదించిన ఘనులు మా తరగతిలోనే ఉన్నారు. గుప్తులూ నాటించెను, కాకతీయులూ నాటించెను. దిద్దే మాస్టారికి కూడా అలవాటైపోయి చూడకుండానే మార్కులు వేసేసేవారు.

మాది ఇచ్ఛాపురం దగ్గర పల్లెటూరు. బాహుదా నది దాటి కాస్త ముందుకు వెళితే ఒడిశా. సంతలో బేరం తెలుగులో మొదలై ఒడియాలో తెగుతుంది. ఏడో తరగతిలో సాంఘికశాస్త్రం మాస్టారు కళింగ యుద్ధం పాఠం చెబుతూ, లక్ష మంది చచ్చిపోయారు, అది చూసి అశోకుడి మనసు మారిపోయింది అన్నారు. ఆ లక్ష మంది ఎవరండీ అని అడిగాను. కళింగ వాళ్ళు అన్నారు. కళింగ ఎక్కడండీ? ఆయన సుద్దముక్క పట్టుకున్న చేత్తో కిందికి, మేము కూర్చున్న గచ్చు వైపు చూపించి “ఇదే” అన్నారు.

ఆ తర్వాత చెట్ల వాక్యం నాకు మునుపటంత సాఫీగా నోటికి రాలేదు. ఆ పాఠంలో అశోకుడి మనసు మారడానికి సరంజామాగా వాడుకున్నది మా ఊరివాళ్ళనా అనిపించింది. (ఇరవై మూడు వందల ఏళ్ళ కిందటి చావులకు నేను వారసుణ్ణని చెప్పుకోవడం నవ్వులాటే అని నాకు తెలుసు. మా ముత్తాత తండ్రి పేరే మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.)

అశోకుడి మీద తీర్పు చెప్పడం ఈమధ్య బాగా ఎక్కువైంది. ఒక జట్టుకు ఆయన యుద్ధాన్ని వదిలేసిన మహానుభావుడు. ఇంకో జట్టుకు ఆయన అహింస పేరుతో దేశాన్ని చేతకానిదాన్ని చేసి శత్రువులకు అప్పగించినవాడు. మూడో జట్టు కూడా ఉంది: పశ్చాత్తాపమంతా నాటకం, ప్రచారం అంటుంది. ఈ మూడు జట్లూ అశోకుడి మనసులో ఏముందో తమకు తెలిసినట్టే మాట్లాడతాయి. మనసు సంగతి నాకు తెలియదు. నాకు తెలిసినవి రాళ్ళు. ఏ రాయి మీద ఏం చెక్కించాడు, ఏ రాయి మీద చెక్కించలేదు అన్నది ఇప్పటికీ వెళ్ళి చూడవచ్చు. నా వాదన అంతా ఆ రెండో దాని మీదే.

మొదటిసారి జౌగడ వెళ్ళినప్పుడు నాకు పాతికేళ్ళు. బరంపురంలో బస్సు మారి, ఋషికుల్య నది వైపు వెళ్ళాను. చుట్టూ మట్టికోట గట్లు, లోపల పొలాలు, మధ్యలో బండలు. జౌ అంటే ఒడియాలో లక్క. లక్కతో కట్టిన కోట కాబట్టి శత్రువులు ఎక్కబోతే జారి పడిపోయేవారట, అక్కడివాళ్ళు చెప్పుకునే కథ అది. కోట జారుడుగా ఉన్నా లేకపోయినా మౌర్య సైన్యం మాత్రం ఎక్కేసింది. కళింగలో అశోకుడి శిలాశాసనాలు రెండు చోట్ల ఉన్నాయి, ఒకటి ఈ జౌగడ, రెండోది భువనేశ్వర్ పక్కన ధౌళి.

బండ మీద అక్షరాలు చాలావరకు అరిగిపోయాయి. నాకు బ్రాహ్మీ లిపి చదవడం రాదు. అనువాదం కాగితాల మీద అచ్చు తీసుకుని వెళ్ళి, ఏ వరుస ఎక్కడుందో పోల్చుకుంటూ నిలబడ్డాను. అశోకుడి పెద్ద శిలాశాసనాలు 14. ఒకటి నుంచి పది దాకా ఉన్నాయి. ఆ తర్వాత వచ్చేది పద్నాలుగు. నేను వెతుకుతున్నది పదమూడు, కళింగ యుద్ధం గురించి చెప్పేది అదొక్కటే. పదకొండు, పన్నెండు, పదమూడు అక్కడ లేవు. అరిగిపోయాయేమో అనుకున్నాను. కాదు, అసలు చెక్కలేదు. ధౌళిలోనూ అంతే.

లక్ష మంది చచ్చిన నేల మీద ఆ లక్ష మంది ఊసే లేదు.

ఉన్నదేమిటంటే, వాటికి బదులుగా చెక్కించిన రెండు ప్రత్యేక శాసనాలు. మొదటిది ధౌళిలో తోసలి నగర అధికారులకు, జౌగడలో సమాపా అధికారులకు రాసిన ఉత్తర్వు. “సవే మునిసే పజా మమా”, మనుషులందరూ నా బిడ్డలే అనే ప్రసిద్ధమైన మాట ఇందులోదే. ఆ మాట పక్కన ఏముందో పాఠ్యపుస్తకాలు చెప్పవు. కారణం లేకుండా జనాన్ని చెరలో పెడుతున్నారు, హింసిస్తున్నారు, అలా చేయకండి అని అధికారులను మందలిస్తాడు. అసూయ, తొందరగా కోపం రావడం, కఠినత్వం, తొందరపాటు, బద్ధకం, అలసట, ఇవి మీలో ఉంటే న్యాయం చేయలేరు అంటాడు. అలసటను కూడా చేర్చాడు చూడండి, కచేరీల్లో పనిచేసినవాడికే తెలిసే సంగతి అది. అయిదేళ్ళకోసారి మెత్తని స్వభావం గల అధికారిని తనిఖీకి పంపుతానంటాడు. ఈ శాసనాన్ని పుష్యమి నక్షత్రం నాడు చదివి వినిపించండి, వినేవాడు ఒక్కడే ఉన్నా సరే చదవండి అంటాడు.

చక్కని ఉత్తర్వు, కాదనను. అయితే ఒక సంగతి గమనించాలి. గెలిచి కొన్నేళ్ళయిన తర్వాత కూడా కళింగలో జనాన్ని ఊరికే జైల్లో వేస్తున్నారని ఆ శాసనమే ఒప్పుకుంటోంది. రెండో శాసనం ఇంకా జయించని సరిహద్దు జనాల గురించి. వాళ్ళు నన్ను చూసి భయపడకూడదు, క్షమించగలిగినంత వరకు రాజు క్షమిస్తాడని వాళ్ళకు నమ్మకం కలగాలి అంటాడు. క్షమాపణ అడగవలసిన నేల మీద నిలబడి క్షమిస్తానని చెప్పడం ఎలాంటి ధైర్యమో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

ఇక పద్నాలుగో శాసనం. అది కళింగలోనూ ఉంది. అందులో చెప్పేది ఇది: నా రాజ్యం విశాలమైనది, చాలా చెక్కించాను, ఇంకా చెక్కిస్తాను, కొన్నిచోట్ల క్లుప్తంగా, కొన్నిచోట్ల వివరంగా ఉంటాయి, అన్నీ అన్నిచోట్లా తగినవి కావు. ఇది చదివినప్పుడు ఆ ఎండలో గట్టిగా నవ్వాను. పక్క పొలంలో కలుపు తీస్తున్న ఆవిడ తలెత్తి చూసింది. పదమూడు ఎందుకు లేదో పద్నాలుగులో చెప్పేశాడు పెద్దమనిషి!

ఆ పదమూడును నేను చూసింది చాలా ఏళ్ళ తర్వాత, తెలుగునేల మీదే. గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో ఎర్రగుడి దగ్గర గుట్ట మీద. కర్నూలు జిల్లాలో తొలకరి పడగానే జొన్నగిరి చుట్టుపక్కల పొలాల్లో జనం వజ్రాల కోసం వెతుకుతారని పత్రికల్లో చదివే ఉంటారు. నేను వెళ్ళింది ఆ రోజుల్లోనే. తల వంచుకుని, నేల మీద చూపు నిలిపి, వందలమంది నెమ్మదిగా నడుస్తున్నారు. రాయి వెతకడానికి వచ్చావా అని ఒకాయన అడిగాడు. అవునన్నాను. ఈ శాసనాలు కూడా 1920ల చివర్లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటపడ్డవే. అంతకుముందు 1915లో కర్ణాటకలోని మస్కిలో అశోకుడి పేరు స్పష్టంగా ఉన్న శాసనాన్ని కనిపెట్టిందీ ఒక బంగారు గనుల ఇంజనీరే. నేలలో విలువైనదేదో వెతుక్కునేవాళ్ళకే ఆయన దొరుకుతూ వచ్చాడు.

ఎర్రగుడిలో పద్నాలుగు పెద్ద శాసనాలూ ఉన్నాయి, చిన్న శాసనాలూ ఉన్నాయి. చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, అరక దున్నిన చాళ్ళలాగా. చెక్కినవాడు ఎందుకలా చేశాడో చెప్పడం కష్టం. తల్లిదండ్రుల మాట వినండి, ప్రాణుల పట్ల దయ చూపండి, నిజం చెప్పండి అని భేరి మోగించి జనానికి చాటమనే ఆజ్ఞ అందులో ఉంది. ఎవరెవరికి చెప్పాలో కూడా ఉంది: ఏనుగుల మావటులకు, రాతగాళ్ళకు, రథికులకు, పాఠం చెప్పే బ్రాహ్మణులకు. రాతగాళ్ళకు వాడిన మాట “కారనకాని”. మన పల్లెల్లో నిన్నమొన్నటి దాకా ఉన్న కరణం ఆ మాట వెనకే నిలబడి చెవిలో కలం పెట్టుకుని నవ్వుతున్నట్టు అనిపించింది.

సాయంత్రం ఎండ వాలుగా పడినప్పుడు అక్షరాల అంచులు తేలాయి. అప్పుడు కాగితం తీసి పదమూడు చదువుకున్నాను.

పట్టాభిషేకమైన ఎనిమిదేళ్ళకు రాజు కళింగను జయించాడు. లక్షన్నర మందిని అక్కడి నుంచి తరలించాడు. లక్ష మంది అక్కడ చంపబడ్డారు. అంతకు ఎన్నో రెట్లు మంది చనిపోయారు. ఇదంతా తలచుకుని రాజు బాధపడుతున్నాడు. అక్కడ బ్రాహ్మణులున్నారు, శ్రమణులున్నారు, పెద్దలను, తల్లిదండ్రులను గౌరవించే గృహస్థులున్నారు, స్నేహితులతో, బంధువులతో, సేవకులతో చక్కగా మెలిగేవారున్నారు. వాళ్ళకు దెబ్బ తగిలింది, చావు వచ్చింది, అయినవాళ్ళు దూరమయ్యారు. తాము క్షేమంగా బయటపడ్డవారికి కూడా, ప్రేమించినవాళ్ళకు కీడు జరిగితే అది తమకు జరిగినట్టే. ఆ రోజు కళింగలో పోయినవారిలో నూరో వంతు, వెయ్యో వంతు ఇప్పుడు పోయినా రాజుకు అది భారమే.

క్షేమంగా బయటపడ్డవారి గురించిన ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. యుద్ధాల గురించి రాయించిన రాజులెవరికీ ఆ ఆలోచన తట్టినట్టు నాకు కనబడలేదు. బతికి బయటపడినా దుఃఖం వదలదని తెలియాలంటే అలాంటివాళ్ళను దగ్గరగా చూసి ఉండాలి, లేదా చూసినవాడి మాట శ్రద్ధగా విని ఉండాలి. అంతా నాటకమే అనేవాళ్ళతో నేను విడిపోయేది ఈ వాక్యం దగ్గరే. నాటకానికి లక్ష మంది చాలు. బతికినవారి బాధ దాకా వెళ్ళనక్కరలేదు.

అయినా ఆ మాటలు ఎవరితో చెప్పాడు? ఎర్రగుడిలో మనకు చెప్పాడు. గుజరాత్‌లో గిర్నార్‌లో చెప్పాడు. డెహ్రాడూన్ దాటి కాల్సీలో చెప్పాడు. పెషావర్ వైపు షాబాజ్‌గఢీలో, మాన్సెహ్రాలో ఖరోష్ఠీ లిపిలో చెప్పాడు. 1960లలో కాందహార్‌లో దొరికిన రాయి మీద ఈ శాసనం మొదటి భాగం గ్రీకు భాషలో ఉంది. కాందహార్‌లో గ్రీకు చదవగలిగినవాడికి కళింగ చావుల లెక్క తెలుసు. తోసలిలో తన ఇంటి ముందు బండ చూసేవాడికి మాత్రం చెప్పలేదు.

మా ఇంట్లో ఒక కథ ఉంది. మా తాతకూ ఆయన అన్నకూ పొలం గట్టు దగ్గర తగాదా వచ్చింది. మాటా మాటా పెరిగి పెద్దతాత పార కర్రతో కొట్టాడు. మా తాత కుడిచెయ్యి విరిగి, మోచేతి దగ్గర వంకరగా అతుక్కుంది. తర్వాత పెద్దతాతకు నిజంగానే దిగులు పట్టుకుంది. గుడి అరుగు మీద, టీ కొట్టు దగ్గర, పెళ్ళి పందిట్లో, ఎక్కడ నలుగురు చేరితే అక్కడ చెప్పుకునేవాడట: తోడబుట్టినవాడి చెయ్యి విరగ్గొట్టాను, రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు అని. ఎంత మంచి మనసురా అని ఊరు ఊరంతా కరిగిపోయింది. వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఉన్నవి మూడు గుమ్మాలు. చనిపోయేదాకా ఆయన మా గుమ్మం తొక్కలేదు. జరిపిన గట్టు వెనక్కి జరపలేదు. “పాపం, ఆ మాటకి మన వీధిలోకి దారి తెలియలేదు కాబోలు” అనేది మా నాయనమ్మ, బియ్యం ఏరుతూ.

అశోకుడు కూడా గట్టు వెనక్కి జరపలేదు. కళింగను తిరిగి ఇచ్చినట్టు ఎక్కడా లేదు. తరలించిన లక్షన్నర మంది ఇళ్ళకు చేరినట్టు ఏ శాసనంలోనూ లేదు. వాళ్ళను ఏం చేశారు? అర్థశాస్త్రంలో కొత్త ఊళ్ళు కట్టే ప్రకరణం మొదట్లోనే, పరదేశాల నుంచి జనాన్ని తరలించి తెచ్చి ఖాళీ భూముల్లో నిలపమని ఉంది. ఆ పుస్తకం మౌర్యుల కాలానిదా తర్వాతిదా అనే గొడవ తెగలేదు కానీ, ఆ తరలింపు అన్న మాటకూ పదమూడో శాసనంలోని మాటకూ ధాతువు ఒకటే. అడవి కొట్టి పొలం చేయడానికి మనుషులు కావాలి. లక్షన్నర మంది బందీలు అక్కరకు వచ్చి ఉంటారని ఊహించిన చరిత్రకారులున్నారు, నాకూ అదే సబబుగా తోస్తుంది. చెట్లు నాటించెను అని పరీక్షల్లో రాసినప్పుడు నాటినవాళ్ళు ఎవరో మనం ఒక్కరం కూడా అడగలేదు.

పదమూడులోనే ఇంకొక వాక్యం ఉంది. అడవి జనాలతో రాజు మంచిగా చెబుతున్నాడు, కానీ పశ్చాత్తాపంలో ఉన్నా తనకు శక్తి ఉందని కూడా చెబుతున్నాడు, వాళ్ళు సిగ్గుపడి మారాలని, చంపబడకుండా ఉండాలని. కన్నీళ్ళు తుడుచుకుంటూనే మీసం మీద చెయ్యి వేయడమంటే ఇదే. మరణశిక్ష కూడా రద్దు కాలేదు, ఉరి ఖాయమైనవాడికి మూడు రోజుల గడువు ఇప్పించాడంతే. కొడుకులు, మనవలు కొత్త యుద్ధాలు చేయకూడదంటాడు, వెంటనే, చేస్తే గీస్తే కాస్త ఓర్పుతో, తేలిక శిక్షలతో చేయండి అంటాడు. కాబట్టి అహింస వల్ల మౌర్య సైన్యం మెత్తబడి రాజ్యం కూలిందనే వాదన దగ్గర నేను ఎక్కువసేపు నిలవను. సైన్యాన్ని రద్దు చేశాడని ఆయన ఎక్కడా అనలేదు. ఆయన పోయిన తర్వాత ఆ రాజ్యం మరో యాభై ఏళ్ళ దాకా ఏదో ఒక రూపంలో నిలిచింది. కాందహార్ నుంచి కర్నూలు దాకా ఉన్న రాజ్యం ఆ రోజుల రోడ్ల మీద అన్నాళ్ళు నిలవడమే విడ్డూరం.

ఇంతదాకా చెప్పింది విని నేను ఫిర్యాది వకీలునని అనుకోవద్దు. ఎదుటి పక్షం మాట కూడా నేనే చెబుతాను, ఎందుకంటే అది నా మాటకన్నా గట్టిది.

కళింగ యుద్ధం జరిగిందని మనకెలా తెలుసు? బౌద్ధుల గ్రంథాల్లో అశోకుడి కథలు కొల్లలు. తొంభైతొమ్మిది మంది అన్నదమ్ములను చంపాడని, నరకం లాంటి చెరసాల కట్టించాడని, చండాశోకుడు ధర్మాశోకుడయ్యాడని రకరకాలు. అశోకావదానంలో ఒక భిక్షువు మహిమ చూసి మారాడు. సింహళుల మహావంశంలో నిగ్రోధుడనే చిన్న శ్రమణుణ్ణి చూసి మారాడు. ఆ రెంటిలోనూ కళింగ యుద్ధం ప్రస్తావనే లేదు. కళింగవైపు నుంచి కూడా మాట లేదు, ఓడిన రాజు పేరైనా మిగల్లేదు. ఆ ఒక్క పదమూడో శాసనం చెక్కించకపోయి ఉంటే లక్ష చావులూ లక్షన్నర బందీలూ భూమిలో కలిసిపోయేవి, మా మాస్టారు గచ్చు వైపు చూపించడానికి ఏమీ ఉండేది కాదు. ముద్దాయి తానే సాక్షిగా వచ్చి వాంగ్మూలం ఇచ్చిన కేసు ఇది. వేరే సాక్షి లేడు. ఈ రోజు ఆయన్ను తిట్టడానికి మనం వాడే ప్రతి అంకె ఆయన చేతి చలవే.

లెక్క గుండుగా ఉంది, నిజమే. లక్ష, లక్షన్నర అంటే తలలు ఎంచి చెప్పినవి కావు. రోమన్ రచయిత ప్లినీ కళింగ రాజుకు 60,000 కాల్బలం, 1,000 గుర్రాలు, 700 ఏనుగులు ఉన్నట్టు రాశాడు. ఆ లెక్కను కాస్త నమ్మినా, లక్ష మంది చచ్చారంటే అందరూ సైనికులు కారు. గెలిచినవాడు శత్రువుల చావులను పెంచి చెప్పుకోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే, అయితే అది గొప్ప కోసం. సిగ్గుతో పెంచి చెప్పినవాడు ఉంటే ఈయనొక్కడే.

గొప్ప కోసం చెప్పడం ఎలా ఉంటుందో చూడాలంటే దూరం పోనక్కరలేదు. అలహాబాదు కోటలో ఉన్న అశోక స్తంభం చాలు. అందులో అశోకుడి స్తంభ శాసనాలు ఉన్నాయి. ఆరువందల ఏళ్ళ తర్వాత, క్రీ.శ. 4వ శతాబ్దంలో, అదే రాతి మీద సముద్రగుప్తుడు తన విజయాల ప్రశస్తి చెక్కించాడు. హరిషేణుడు రాసిన ఆ ప్రశస్తిలో మనవాళ్ళు వరుసగా కనిపిస్తారు: పిష్టపురం మహేంద్రుడు, అంటే మన పిఠాపురం, వేంగి హస్తివర్మ, దేవరాష్ట్రం కుబేరుడు. పట్టుకున్నాడు, వదిలిపెట్టాడు, అనుగ్రహించాడు అని వాళ్ళ సంగతి. ఉత్తరాది రాజులను మాత్రం బలవంతంగా పెకలించి వేశాడు. సంస్కృతం అద్భుతం, చదువుతుంటే ఏనుగుల ఘీంకారం వినిపిస్తుంది. ఎంతమంది చచ్చారో ఒక్క మాట లేదు. తర్వాత జహంగీరు కూడా వచ్చి అదే స్తంభం మీద తన వంశావళి చెక్కించుకున్నాడు. ఒకే రాతి మీద ఇన్ని చేతిరాతలు ఉన్నప్పుడు పోల్చి చూడటం తేలిక.

అశోకుడిలో నాకు చిరాకు పుట్టించే గుణం వేరే ఉంది. చాదస్తం. ఆడవాళ్ళు పెళ్ళిళ్ళకూ పురుళ్ళకూ ప్రయాణాలకూ రకరకాల అర్థం లేని మంగళకార్యాలు చేస్తారని తొమ్మిదో శాసనంలో విసుక్కుంటాడు. మా అమ్మ చేతికి ఆ శాసనం చిక్కితే ఎదురు శాసనం చెక్కించి ఉండేది. తిరునాళ్ళు వద్దంటాడు. ధర్మ మహామాత్రులని పెట్టి జనం నడవడి మీద కన్నేస్తాడు. అన్నం తింటున్నా, అంతఃపురంలో ఉన్నా సరే ప్రజల సంగతి నాకు వచ్చి చెప్పండి అంటాడు. ఇలాంటి పై అధికారి కింద పనిచేయడం ఎంత కష్టమో ఊహించుకోండి. అయినా అదే మనిషి తన వంటింటి గుట్టు బయటపెట్టుకున్నాడు. మొదటి శాసనంలో: ఒకప్పుడు నా వంటశాలలో కూర కోసం రోజూ లక్షల ప్రాణులు చచ్చేవి, ఇప్పుడు మూడే, రెండు నెమళ్ళు, ఒక లేడి, ఆ లేడి కూడా రోజూ కాదు, ఇకముందు ఆ మూడూ ఉండవు. పూర్తిగా మానేశాక చెక్కించి ఉంటే ఇంకా ఘనంగా ఉండేది. ఇంకా మానలేదు, మానబోతున్నాను అని రాతి మీద ఒప్పుకోవడానికి వేరే రకం నిజాయితీ కావాలి.

మరోవైపు, మన రూపాయి నోట్ల మీద ఉన్న సింహాల సంగతి. సారనాథ్‌లో ఆ సింహాలు నిలిచిన స్తంభం మీద ఏముందో తెలుసా? సంఘంలో చీలిక తెచ్చిన భిక్షువుకైనా భిక్షుణికైనా తెల్లబట్టలు కట్టించి బయటికి పంపండి అనే ఆజ్ఞ. పన్నెండో శాసనంలో, తన మతాన్ని పొగడటానికి ఎదుటి మతాన్ని తిట్టేవాడు తన మతానికే చేటు తెస్తాడని, మాట అదుపులో ఉండాలని చెప్పినవాడే ఇదీ చెప్పాడు. పింగళి వెంకయ్య గారి జెండా మీది రాట్నం స్థానంలోకి 1947లో వచ్చిన చక్రం కూడా ఆయనదే. గుర్తు పెట్టుకున్నాం, రాతను చదవలేదు.

ఇక నా తీర్పు. మహానుభావుడా అంటే కాదు. పశ్చాత్తాపం నిజమే, కానీ చేరవలసిన గుమ్మానికి అది చేరలేదు. అలా చేరనివ్వకపోవడం ఏమరుపాటు కాదు, ఆలోచించి చేసిన పని. కళింగవాళ్ళ పుండు మీద కారం చల్లకూడదని దయతో వదిలేశాడని కొందరు సమర్థిస్తారు. ఉండవచ్చు. కర్ణాటకలోని సన్నతిలో 1980లలో దొరికిన రాతి మీద కూడా ఈ ప్రత్యేక శాసనాలే ఉన్నాయి కాబట్టి, ఇది కళింగ ఒక్కదాని కోసం చేసింది కాదేమో అని కూడా వాదించవచ్చు. ఆ వాదనకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. కానీ దయ అయినా పాలనా చాతుర్యమైనా, దెబ్బ తిన్నవాడికి దెబ్బ గురించి తప్ప మిగతావన్నీ చెప్పడం నాకు మింగుడు పడదు. మోసగాడా అంటే అదీ కాదు. తనను దోషిగా నిలబెట్టే కాగితం తానే రాసి, చెరగకుండా రాతి మీద చెక్కించి, అయిదుగురు యవన (గ్రీకు) రాజుల పేర్లు కూడా అందులో చేర్చి, మనం కాలం తేల్చుకునే వీలు కూడా కల్పించినవాణ్ణి మోసగాడు అనలేను. ఆ కాగితాన్ని కళింగలో దాచాడని కోపం, మిగతా చోట్ల దాచలేదని గౌరవం. ఈ రెండూ నాలో ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు.

చివరగా ఒక సంగతి. నిరుడు భువనేశ్వర్ వెళ్ళినప్పుడు ధౌళికి కాకుండా ఉదయగిరి వెళ్ళాను, హాథీగుంఫా శాసనం కోసం. అశోకుడి తర్వాత ఓ రెండు శతాబ్దాలకు కళింగ మళ్ళీ తలెత్తింది. కళింగ రాజు ఖారవేలుడు మగధ రాజును తన కాళ్ళకు మొక్కించాడు, శాతవాహన రాజు శాతకర్ణిని లెక్కచేయకుండా పడమటికి సైన్యం నడిపాడు. తన ఏలుబడి ఏడాది వారీగా పదిహేడు వరుసల్లో గుహ నొసట చెక్కించాడు. పాత పద్దులన్నీ అందులో ఉన్నాయి. నంద రాజు తవ్వించిన కాలువ గుర్తుంది. నంద రాజు ఎత్తుకుపోయిన జిన విగ్రహం గుర్తుంది, దాన్ని వెనక్కి తెచ్చాడు కూడా. నందులు అశోకుడికన్నా ముందువాళ్ళు. లక్ష మందిని చంపినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు. ఒకచోట మౌర్య అనే మాట ఉందని కొందరు చదివారు, తర్వాతివాళ్ళు ఒప్పుకోలేదు.

గుహ ముందు మెట్ల మీద కూర్చుని నీళ్ళు తాగుతుంటే మా తాత గుర్తొచ్చాడు. ఊళ్ళో ఎవరు ఎవరి గట్టు జరిపారో, ఎవరికి ఎన్ని కుంచాల బాకీయో, ఏ సంవత్సరమో ఆయనకు నోటికి వచ్చేవి. ఆ వంకర చెయ్యి ఏమైందని మేం పిల్లలం అడిగితే, “చిన్నప్పుడు చెట్టు మీంచి పడ్డాను” అనేవాడు.